కారు పక్క అద్దం మరమ్మతు

కారు పక్క అద్దం అనగా కారు ముందు తలుపులకు వెలుపలి వైపున అమర్చబడి, వెనుకనుండి, పక్కలనుండి వచ్చే వాహనాలను డ్రైవరుకు చూపించే అద్దం. వాడుకలో దీనిని సైడ్ మిర్రర్ అని, సైడు అద్దం అని అంటారు. కారు వెడల్పును దాటి బయటకు పొడుచుకొని ఉండడం వలన ఇది తరచుగా దెబ్బ తింటుంది. అటువంటపుడు కొందరు మొత్తం అద్దాన్ని మార్పిస్తారు. మరికొందరు గాజు దుకాణంలో కోయించిన మామూలు అద్దం ముక్కను అతికించి సరిపెట్టుకుంటారు. మొదటిది చాలా సందర్భాలలో అనవసరపు ఖర్చు. రెండవది ప్రమాదకరం. పక్క అద్దం ఒకే వస్తువు కాదు, విడదీయగల అనేక భాగాల కూర్పు. ఏ భాగం చెడిపోయిందో గుర్తించి, ఆ భాగాన్ని మాత్రమే, అదే వంపు, అదే కొలత కలిగిన దానితో మార్చినట్లయితే ఈ మరమ్మతును ఇంటి వద్దనే చేసుకోవచ్చును.

చరిత్ర

తొలినాటి కార్లకు వెనుక దృశ్యాన్ని చూపే అద్దాలు ఉండేవి కావు. ఇంగ్లండుకు చెందిన మహిళా డ్రైవరు డొరతీ లెవిట్ 1909లో ప్రచురించిన "ది ఉమన్ అండ్ ది కార్" అనే పుస్తకంలో, వెనుక వచ్చే వాహనాలను చూసుకొనడానికి ఒక చేతి అద్దాన్ని దగ్గర ఉంచుకోవాలని సూచించింది. 1911లో అమెరికాలో జరిగిన మొదటి ఇండియానాపోలిస్ 500 పందెంలో రే హారౌన్ తన మార్మన్ వాస్ప్ కారుకు వెనుక చూపే అద్దాన్ని అమర్చుకున్నాడు. ఇతర పోటీదారుల కార్లలో వెనుక చూసి చెప్పడానికి ఒక మెకానిక్కు కూడా కూర్చునేవాడు. హారౌన్ మెకానిక్కు లేకుండానే ఆ పందెంలో గెలుపొందాడు.

భారతదేశంలో చాలాకాలం పాటు చవక రకం కార్లకు డ్రైవరు వైపున, అనగా కుడి పక్కన మాత్రమే అద్దం వచ్చేది. ఎడమ అద్దాన్ని కొనుగోలుదారులు విడిగా వేయించుకొనేవారు. ప్రస్తుతం దేశంలో వాహనాల అద్దాల నాణ్యతకు ఏఐఎస్-001, వాటిని వాహనానికి అమర్చే పద్ధతికి ఏఐఎస్-002 అనే ప్రమాణాలు ఉన్నాయి.

భాగాలు

పక్క అద్దంలో బయటనుండి లోపలికి ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* అద్దం పలక: ప్రతిబింబాన్ని చూపే గాజు. దీని వెనుక ఒక ప్లాస్టిక్ పలక అతికించబడి ఉంటుంది. ఆ ప్లాస్టిక్ పలకకు ఉండే కొక్కేల ద్వారా ఇది లోపలి భాగానికి బిగుస్తుంది. దుకాణాలలో గాజు, ప్లాస్టిక్ పలక కలిపి ఒకటిగా అమ్ముతారు.
* కదిలించే భాగం: అద్దం పలకను పైకి క్రిందికి, కుడి ఎడమలకు త్రిప్పేది. పాత రకాలలో తలుపు లోపలి వైపు ఉండే చిన్న పుల్లతో, దానికి కట్టిన తీగలతో ఇది కదులుతుంది. కొత్త రకాలలో రెండు చిన్న మోటార్లు ఉంటాయి.
* డొప్ప: ఈ భాగాలన్నిటినీ తనలో ఉంచుకొనే గట్టి ప్లాస్టిక్ తొడుగు.
* కవరు: డొప్ప వెనుక భాగాన్ని కప్పే, కారు రంగు వేసిన మూత. కొన్ని కార్లలో ఇండికేటరు దీపం కూడా ఇక్కడే ఉంటుంది.
* కాడ: డొప్పను తలుపుకు కలిపే భాగం. గుద్దుకున్నపుడు అద్దం విరగకుండా ముడుచుకొనడానికి ఇందులో స్ప్రింగుతో కూడిన మడత ఉంటుంది.
* వైర్లు, కప్లరు: మోటార్లకు, దీపానికి విద్యుత్తును అందించేవి. ఇవి కాడ గుండా తలుపు లోపలికి వెళ్తాయి.

అద్దం వంపు - దాని ప్రాముఖ్యత

భారతదేశంలోని కార్లకు సాధారణంగా రెండు పక్కలా కుంభాకార దర్పణాలు ఉంటాయి. కారు లోపల డ్రైవరు తలకు ముందు ఉండే అద్దం సాధారణంగా సమతల దర్పణం. కుంభాకార దర్పణంలో వస్తువులు చిన్నవిగా కనిపిస్తాయి, అయితే ఎక్కువ ప్రదేశం కనిపిస్తుంది. అద్దంలో కనిపించే వస్తువులు నిజానికి ఇంకా దగ్గరగా ఉన్నాయని చాలా అద్దాలపై ఆంగ్లంలో చెక్కి ఉండడానికి కారణం ఇదే. అమెరికాలో ఈ హెచ్చరిక డ్రైవరుకు అవతలి వైపున ఉండే కుంభాకార అద్దంపై తప్పనిసరి. అక్కడ డ్రైవరు వైపు అద్దం సమతలంగా ఉండాలి. ఐరోపా నిబంధనల ప్రకారం కార్ల పక్క అద్దాల వక్రతా వ్యాసార్థం 1200 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

ఈ వంపు ఎంత తేడా చేస్తుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. వక్రతా వ్యాసార్థం 1200 మి.మీ., అద్దం వెడల్పు 16 సెం.మీ., డ్రైవరు కంటికి అద్దానికి మధ్య దూరం 80 సెం.మీ. అనుకొందాము.

* సమతల దర్పణమైతే సుమారు 11 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది. అనగా 20 మీటర్ల వెనుక 4 మీటర్ల వెడల్పు. ఇది ఒక లేనుకంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. (మన జాతీయ రహదారులలో ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు.)
* అదే కొలత గల కుంభాకార దర్పణమైతే సుమారు 26 డిగ్రీల మేర, అనగా 20 మీటర్ల వెనుక 9 మీటర్లకు పైగా వెడల్పు కనిపిస్తుంది.
* కుంభాకార దర్పణంలో 20 మీటర్ల వెనుకనున్న వాహనం, సమతల దర్పణంలో 47 మీటర్ల వెనుకనున్న వాహనమంత చిన్నదిగా కనిపిస్తుంది.

గాజు దుకాణాలలో కోసి ఇచ్చే మామూలు అద్దం సమతలమైనది. దానిని పక్క అద్దంగా అతికించినపుడు బొమ్మ పెద్దదిగా, స్పష్టంగా కనిపించడం వలన మరమ్మతు బాగా జరిగినట్లే తోస్తుంది. కాని పక్క లేనులో కారుకు చేరువగా వచ్చే మోటారు సైకిలు అందులో కనిపించదు. అంతేకాక, కుడి అద్దం ఒక విధంగా, ఎడమ అద్దం మరొక విధంగా చూపడం వలన దూరాన్ని అంచనా వేయడంలో డ్రైవరు పొరబడతాడు. ద్విచక్ర వాహనాలు ఎడమనుండి కూడా దాటిపోయే మన రోడ్లపై ఎడమ అద్దంలో ఈ లోపం మరింత ప్రమాదకరం. అందువలన సమతల అద్దం ముక్కను తాత్కాలికంగానైనా వాడకపోవడం మంచిది.

వంపును పరీక్షించుటకు ఒక స్కేలు చాలు. స్కేలు అంచును అద్దంపై అడ్డంగా ఆనించినపుడు, సమతలమైన అద్దానికి అది పూర్తిగా అంటుకొంటుంది. పైన చెప్పిన కొలత గల కుంభాకార అద్దంలో మధ్య భాగం మాత్రమే తగిలి, రెండు చివరలా సుమారు 2.5 మి.మీ. చొప్పున సందు కనిపిస్తుంది. కొన్న కొత్త పలకను, కారుకు రెండవ వైపున బాగున్న అద్దాన్ని ఈ విధంగా పోల్చి చూడవచ్చు. కొన్ని కార్లలో బయటి అంచు వద్ద వంపు మరింత ఎక్కువగా ఉండే అద్దాలు ఉంటాయి. వీటిలో ఒక నిలువు గీత కనిపిస్తుంది. అటువంటి కారుకు అటువంటి పలకనే వేయాలి.

దెబ్బ తినడానికి కారణాలు

* ఇరుకు సందులలో ఆటోలు, మోటారు సైకిళ్ళు రాసుకొని పోవడం.
* ప్రహరీ గేటు స్తంభానికి తగలడం.
* నిలిపి ఉంచినపుడు అద్దాన్ని మడవకపోవడం.
* చేతితో మడవవలసిన అద్దాన్ని తప్పు దిశలో బలంగా త్రిప్పడం, లేదా మోటారుతో మడుచుకొనే అద్దాన్ని చేతితో త్రిప్పడం.
* కోతులు పట్టుకొని లాగడం. పిచ్చుకల వంటి పక్షులు తమ ప్రతిబింబాన్ని మరొక పక్షిగా భావించి పొడుస్తాయి. దీనివలన అద్దం మురికి అవుతుందేగాని సాధారణంగా పగలదు. నిలిపిన కారు అద్దాలకు గుడ్డ సంచి తొడిగితే ఈ బెడద ఉండదు.

నష్టాన్ని గుర్తించుట

మరమ్మతుకు ముందు ఏ భాగం పోయిందో తేల్చుకోవాలి.

* గాజు పగిలి, మిగిలినది గట్టిగా ఉంటే - అద్దం పలక మాత్రమే మార్చాలి.
* గాజు బాగుండి ఊగుతూ ఉంటే - వెనుక కొక్కేలు ఊడి ఉండవచ్చు. అవి విరగకపోతే తిరిగి నొక్కితే సరిపోతుంది.
* కవరు మాత్రమే పగిలితే - కవరు మార్చాలి లేదా అతికించాలి.
* డొప్ప మొత్తం ఊగుతూ, మడత వద్ద నిలవకపోతే - కాడ లేదా స్ప్రింగు విరిగింది. అతికించి వాడరాదు, మొత్తం అద్దాన్ని మార్చాలి.
* స్విచ్చి నొక్కినపుడు రెండు పక్కల అద్దాలూ కదలకపోతే - ముందుగా ఫ్యూజును, తరువాత స్విచ్చిని చూడాలి.
* ఒక పక్క మాత్రమే కదలకపోతే - ఆ వైపు కప్లరు, వైరు లేదా మోటారు చెడిపోయి ఉంటుంది.
* మోటారు శబ్దం వినిపిస్తూ అద్దం కదలకపోతే - లోపలి పళ్ళ చక్రాలు అరిగాయి లేదా పలక కొక్కేలు ఊడాయి.

కావలసిన సామగ్రి

మందపాటి చేతి తొడుగులు, కంటి అద్దాలు, వెడల్పాటి కాగితపు టేపు, అంచులు పదును లేని ప్లాస్టిక్ పట్టీ, స్టార్ స్క్రూడ్రైవరు, 10 నంబరు పానా, మెత్తని గుడ్డ, పాత వార్తాపత్రికలు. స్క్రూడ్రైవరుతో తెరవవలసి వస్తే దాని కొనకు గుడ్డ చుట్టాలి.

కొత్త పలక కొనేటపుడు కారు మోడలు, తయారైన సంవత్సరం, కుడి లేదా ఎడమ, చేతితో త్రిప్పేదా మోటారుదా, వేడెక్కే రకమా కాదా అన్న వివరాలు చెప్పాలి. ఒకే పేరుగల కారులోనే మోడలు మారినపుడు కొక్కేల అమరిక మారుతుంది. వీలైతే పాత పలకను వెంట తీసుకువెళ్ళడం ఉత్తమం. హైదరాబాదులో పుత్లీబౌలి, రాణీగంజ్, విజయవాడలో ఆటోనగర్ వంటి చోట్ల కార్ల విడిభాగాల దుకాణాలు అధికంగా ఉన్నాయి.

అద్దం పలక మార్చే విధానం

1. కారును నీడలో నిలిపి ఇంజను ఆపాలి. అద్దం క్రింద, తలుపు అంచుపై వార్తాపత్రిక పరచాలి. గాజు ముక్కలు తలుపు కిటికీ సందులో పడితే తరువాత కిటికీ అద్దం గీతలు పడుతుంది.
2. పగిలిన గాజుపై కాగితపు టేపును అడ్డంగా, నిలువుగా అతికించాలి. దీనివలన తీసేటపుడు ముక్కలు రాలవు.
3. పలకలో కారు వైపున ఉన్న అంచును వ్రేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కాలి. అప్పుడు బయటి అంచు డొప్పనుండి పైకి లేచి సందు ఏర్పడుతుంది.
4. ఆ సందులో ప్లాస్టిక్ పట్టీ దూర్చి, పలక వెనుకనున్న ప్లాస్టిక్ అంచును పట్టి మెల్లగా తనవైపుకు లాగాలి. కొక్కేలు ఒకటొకటిగా ఊడుతున్న చప్పుడు వినిపిస్తుంది. గాజును పట్టి లాగరాదు. చలి ఎక్కువగా ఉన్నపుడు ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది కాబట్టి కారును కొంతసేపు ఎండలో ఉంచి మొదలుపెట్టాలి. కొన్ని పాత మోడళ్ళలో కొక్కేలకు బదులు తీగ స్ప్రింగు ఉంటుంది. దానిని డొప్ప అడుగునగల రంధ్రం గుండా స్క్రూడ్రైవరుతో తప్పించాలి.
5. వేడెక్కే రకమైతే పలక వెనుక రెండు వైర్లు ఉంటాయి. వైరును కాక దాని చివర ఉన్న లోహపు పిన్నును పట్టి తీయాలి.
6. లోపల మిగిలిన గాజు పొడిని బ్రష్షుతో తుడవాలి. మోటారుపై ఉండే కొక్కేల గుంటలు విరిగి ఉన్నాయేమో చూడాలి. అవి విరిగి ఉంటే కొత్త పలక నిలవదు.
7. కొత్త పలక వంపును స్కేలుతో సరిచూసి, వైర్లు కలిపి, మధ్య భాగాన్ని గుంటలకు సరిగా ఎదురుగా ఉంచాలి. గుడ్డను మడిచి దాని మీదుగా అరచేతితో పలక మధ్యలో నొక్కాలి. కొక్కేలు పడిన చప్పుడు వినిపించే వరకు నెమ్మదిగా ఒత్తిడి పెంచాలి. అంచుల వద్ద నొక్కితే కొత్త గాజు పగులుతుంది.
8. అద్దాన్ని నాలుగు దిక్కులా చివరి వరకు కదిలించి చూడాలి. తలుపును రెండు మూడు సార్లు గట్టిగా వేసి పలక కదలడం లేదని నిర్ధారించుకోవాలి.

అతికించేటపుడు జాగ్రత్తలు

వెనుక ప్లాస్టిక్ పలక బాగుండి, గాజు మాత్రమే పగిలినపుడు వంపు గల గాజును విడిగా తెచ్చి అతికించవచ్చు. ఇందుకు వాహనాలకు వాడే డబుల్ సైడ్ టేపు గాని, సిలికాన్ సీలెంటు గాని వాడతారు. ఆరేటపుడు వెనిగరు వంటి పుల్లని వాసన వచ్చే సిలికాన్ రకాలనుండి ఆమ్లం వెలువడుతుంది. అది అద్దం వెనుకనున్న పూతను తినివేసి నల్లని మచ్చలు తెస్తుంది. కనుక అటువంటి వాసన లేని, అద్దాలకు అనువైనదని డబ్బాపై వ్రాసి ఉన్న రకాన్ని ఎంచుకోవాలి. వేడెక్కే పలకపై గాజును ఇలా విడిగా అతికించరాదు.

ఫెవిక్విక్ వంటి త్వరగా ఆరే జిగురులనుండి వచ్చే ఆవిరి గాజుపై తెల్లని పొరగా ఏర్పడుతుంది. పైగా అది పెళుసుగా ఆరడం వలన బండి కుదుపులకు విడిపోతుంది. కవరు, డొప్పలలోని చీలికలకు ఆరల్‌డైట్ వంటి రెండు గొట్టాల జిగురు మేలు. అతికే చోటును గరుకు కాగితంతో రుద్ది, శుభ్రపరచి, లోపలి వైపున పూసి, ఒక రోజంతా కదలకుండా టేపుతో కట్టి ఉంచాలి. ప్లాస్టిక్కు లోపలి వైపున దాని రకం అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే జిగురు బాగా పట్టుకొంటుంది. పీపీ అని ఉంటే మామూలు జిగురులు పట్టవు.

మొత్తం అద్దాన్ని మార్చుట

కాడ విరిగినపుడు ఈ పద్ధతి అవసరమవుతుంది. తలుపు లోపలి వైపున, కిటికీ ముందు మూలలో ఉండే త్రికోణపు మూతను తీస్తే, చాలా మోడళ్ళలో దాని వెనుక మూడు బోల్టులు లేదా నట్లు కనిపిస్తాయి. మోటారు రకమైతే కప్లరును విడదీయాలి. కొన్ని కార్లలో కప్లరును అందుకొనడానికి డోర్ ప్యాడు కూడా తీయవలసి ఉంటుంది. చివరి నట్టును తీసేటపుడు రెండవ వ్యక్తి బయటనుండి అద్దాన్ని పట్టుకోవాలి. నట్లు తలుపు లోపలికి జారిపోకుండా తలుపు సందులో గుడ్డ దూర్చడం మంచిది. కొత్తది బిగించేటపుడు తలుపుకు, కాడకు మధ్యనుండే రబ్బరు వాషరును మరువరాదు. అది లేకపోతే వానాకాలంలో తలుపులోకి నీరు చేరుతుంది.

సరిచేసుకొనుట

మరమ్మతు తరువాత, డ్రైవరు తన సీటును ఎప్పటి స్థానంలో ఉంచుకొని అద్దాన్ని సరిచేసుకోవాలి. దిఙ్మండలం అద్దం ఎత్తులో సుమారు మధ్యకు రావాలి. కారు పక్క భాగం లోపలి అంచున సన్నని పట్టీగా మాత్రమే కనిపించాలి. కారు పక్క భాగం ఎక్కువగా కనిపిస్తూ ఉంటే, ఆ మేరకు పక్క లేను కనిపించకుండా పోతుంది.

చివరి పరీక్షగా ఒక వ్యక్తిని కారు వెనుక 20 మీటర్ల దూరంనుండి పక్క లేను గుండా ముందుకు నడవమనాలి. అతడు పక్క అద్దంనుండి తప్పుకొనే చోటును డ్రైవరు గుర్తుంచుకోవాలి. అదే ప్రయోగాన్ని రెండవ వైపున కూడా చేయాలి. రెండు పక్కలా ఆ చోట్లు మునుపటి వలెనే ఉంటే మరమ్మతు సరిగా జరిగినట్లు. ఎంత మంచి అద్దానికైనా కనిపించని ప్రదేశం కొంత ఉంటుంది. అందువలన లేను మారే ముందు ఒకసారి తల త్రిప్పి చూడడం అవసరం.

ఖర్చు, భీమా

భారతదేశంలో సమగ్ర భీమా ఉన్న కారుకు అద్దం నష్టాన్ని కూడా కోరవచ్చు. అయితే మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల విలువలో 50 శాతం తరుగుదల క్రింద తగ్గిస్తారు. ఇదిగాక పాలసీదారు తప్పనిసరిగా భరించవలసిన మొత్తం ఒకటి ఉంటుంది. ఏ నష్టాన్నీ కోరని వారికి మరుసటి సంవత్సరపు ప్రీమియంలో సొంత నష్టం భాగంపై ఇచ్చే తగ్గింపు 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది. ఒక చిన్న పలక కోసం భీమా కోరితే ఈ తగ్గింపు పోతుంది. కనుక పలక, కవరు వంటి చిన్న భాగాలకు స్వంత ఖర్చు, మొత్తం అద్దంతో పాటు తలుపు కూడా దెబ్బ తిన్నపుడు భీమా లాభదాయకంగా ఉంటాయి.

ఇంటి వద్ద చేయకూడనివి

అద్దంలో కెమెరా ఉన్నపుడు, లేదా పక్కన వచ్చే వాహనాన్ని దీపంతో హెచ్చరించే ఏర్పాటు ఉన్నపుడు మరమ్మతును సర్వీసు కేంద్రానికి వదిలివేయడం మంచిది. కెమెరాను విప్పి బిగించిన తరువాత దాని కోణాన్ని పరికరంతో సరిచేయవలసి ఉంటుంది. అద్దానికి బదులుగా పూర్తిగా కెమెరాలను వాడే కార్లు కూడా వచ్చాయి. జపాను 2016లో వీటికి అనుమతినివ్వగా, 2018లో లెక్సస్ ఈఎస్ కారు ఈ ఏర్పాటుతో అక్కడ విడుదలైంది. వీటి విషయంలో పై పద్ధతులు వర్తించవు.

కొత్త పలక దొరికే వరకు కారును నడపవలసి వస్తే, పగిలిన గాజు రాలకుండా అంచుల వెంబడి పారదర్శకమైన టేపు వేసి, నెమ్మదిగా, లేను మారకుండా నడపాలి. గాజు పూర్తిగా ఊడిపోయిన కారును, ముఖ్యంగా రాత్రి వేళ, రహదారిపైకి తీసుకు వెళ్ళరాదు.

ఇవి కూడా చూడండి

* కుంభాకార దర్పణం
* సమతల దర్పణం
* కారు
* రహదారి భద్రత
* వాహన భీమా